రీఫ్ ట్యాంకులో ఆవిరయ్యే నీటి లెక్క: కొలవడం, భర్తీ చేయడం, వేసవిని దాటించడం

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, ఉన్నవాళ్ళ నుంచి ఎండలు మొదలవగానే రెండు ప్రశ్నలు వరసగా వస్తాయి. "రోజుకు మూడు లీటర్లు తగ్గిపోతున్నాయి, ట్యాంక్ కారుతోందా?" అన్నది మొదటిది. "తగ్గిన నీళ్ళకు బదులు ఉప్పునీళ్ళు పోయాలా, మంచినీళ్ళు పోయాలా?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకేచోట ఉంది కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టి పని వరుసలో చెప్తాను. లెక్కలన్నీ నా ట్యాంకువే: హైదరాబాదులో ఫ్లాటు, కింద సంపుతో కలిపి 200 లీటర్ల అసలు నీరు. సంపు అంటే ఇక్కడ నేలలో ఉండేది కాదు, ట్యాంక్ కింద క్యాబినెట్లో ఉండే ఫిల్టర్ తొట్టి.

1. పోయేది నీరు, ఉప్పు కాదు

నౌపడ దగ్గర ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీరు ఎండకు పోతుంది, ఉప్పు మడిలోనే మిగులుతుంది. మన ట్యాంకులో జరిగేదీ అదే, నెమ్మదిగా.

35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) లవణీయత ఉన్న 200 లీటర్లలో సుమారు 7 కిలోల ఉప్పు ఉంటుంది. 4 లీటర్లు ఆవిరైతే ఆ 7 కిలోలూ 196 లీటర్లలో సర్దుకుంటాయి, లవణీయత 35.7 అవుతుంది. 10 లీటర్లు పోతే 36.8. అందుకే ఆవిరైనదానికి బదులు పోయాల్సింది ఎప్పుడూ ఉప్పు కలపని శుద్ధమైన నీరే. ఉప్పునీళ్ళు కలిపేది నీళ్ళు మార్చేటప్పుడు, అంటే ఉప్పునీటిని మనం బయటికి తీసినప్పుడు మాత్రమే.

పగడాలు, రొయ్యలు, నత్తలు 34లోనూ బతుకుతాయి, 36లోనూ బతుకుతాయి. పొద్దున 34, రాత్రికి 36 అయితే మాత్రం తట్టుకోలేవు. రోజు మొత్తంలో అర పీపీటీకి మించి కదలకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. కింద చెప్పే పనులన్నీ ఆ హద్దు కోసమే.

2. ముందు సిద్ధం చేసుకోవలసినవి

- రిఫ్రాక్టోమీటర్ (రెండు చుక్కల నీటితో లవణీయత చూపే పరికరం), దాన్ని సరిచేసుకోవడానికి 35 పీపీటీ ద్రావణం
- టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది)
- మెంబ్రేన్ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) ఉన్న ఆర్వో
- మూత ఉన్న ప్లాస్టిక్ క్యాన్, ఆహార పదార్థాలకు వాడే రకం, ఇదివరకు వేరే ఏదీ పోయనిది
- లీటరు, అర లీటరు గీతలున్న కొలపాత్ర
- థర్మామీటర్
- ఎలక్ట్రికల్ టేపు, నోటు పుస్తకం

రిఫ్రాక్టోమీటర్ గురించి ఒక మాట. ఆర్వో నీటి చుక్క వేసి సున్నా చూపిస్తే చాలనుకుంటారు. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర రెండు పీపీటీ తప్పు చూపే పరికరాలున్నాయి. మనం చదివేది 35 దగ్గర కాబట్టి అక్కడే సరిచేయాలి. చుక్కలు వేశాక అర నిమిషం ఆగి చదవండి. చదివాక ఆర్వో నీటితో కడిగి తుడవండి, లేకపోతే అద్దం మీద ఎండిన ఉప్పు తర్వాతి కొలతలో కలుస్తుంది. సాంద్రత చూపే పరికరమైతే 25 డిగ్రీల దగ్గర 1.026 మన గురి.

3. వారం రోజులు కొలవండి

సంపు ఉన్న ట్యాంకులో పైన నీటిమట్టం కదలదు. తగ్గేదంతా సంపులో రిటర్న్ పంపు (నీటిని తిరిగి పైకి పంపేది) ఉన్న గదిలోనే తగ్గుతుంది. కాబట్టి కొలత అక్కడే పెట్టాలి.

1. పంపులన్నీ నడుస్తుండగా రిటర్న్ గది అద్దం మీద మట్టం దగ్గర టేపు అంటించండి.
2. ఆ గది పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో గుణించి 1,000తో భాగించండి. ఒక్క సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో వస్తుంది. నాది 30 × 25, అంటే సెంటీమీటరుకు ముప్పావు లీటరు. మట్టం 4 సెంటీమీటర్లు దిగితే 3 లీటర్లు పోయినట్టు.
3. రోజూ ఒకే వేళకు, గీత వరకు ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి. పక్కనే గది ఉష్ణోగ్రత, ఏసీ వేశారా, ఫ్యాన్ వేశారా రాయండి.
4. మొదటి రోజు, ఏడో రోజు లవణీయత చూడండి.

నా పుస్తకంలో డిసెంబరు పేజీల్లో ఒకటిన్నర లీటర్లు ఉంటాయి. మే నెలలో, ట్యాంక్ మీద ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు, అదే 4 లీటర్ల దాకా పోతుంది. ఏసీ గదిలో చల్లగా ఉంటుంది కదా, తక్కువ ఆవిరవుతుందనుకోకండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, ఆ పొడి గాలి ట్యాంకు నీటిని లాగుతుంది. డాలస్‌లో ఉన్న మనవాళ్ళకు చలికాలంలో ఇంటి హీటింగుతో ఇదే జరుగుతుంది. బయట గడ్డకట్టే చలి, లోపల ట్యాంక్ మట్టం మాత్రం గబగబా దిగుతుంటుంది.

ఇక కారుతోందా, ఆవిరవుతోందా అన్న అనుమానం. దీనికి పక్కన బకెట్ పెట్టి పోల్చడం పనికిరాదు, బకెట్లో వెచ్చదనమూ లేదు, నీటి కదలికా లేదు. లవణీయతే సాక్ష్యం. రోజూ గీత వరకు శుద్ధమైన నీరు పోస్తున్నా లవణీయత అలాగే నిలబడితే, పోయిందంతా ఆవిరే. పోస్తున్నకొద్దీ లవణీయత పడిపోతుంటే ఉప్పునీరు ఎక్కడో బయటికి పోతోంది. అప్పుడు పైపు జాయింట్లు, క్యాబినెట్ అడుగు, గోడ వెంబడి తడి చూడండి. స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) కప్పులోకి పల్చటి నీరు ఎక్కువగా పడుతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

4. ఏ నీళ్ళు

చాలా ట్యాంకులు ఇక్కడే నెమ్మదిగా పాడవుతాయి, కారణం తెలిసేసరికి ఏడాది గడుస్తుంది. ఆవిరి తనతో ఏమీ తీసుకుపోదు. మనం పోసే నీటిలో ఉన్నదంతా ట్యాంకులోనే పోగవుతుంది.

300 టీడీఎస్ ఉన్న నీళ్ళు రోజుకు 3 లీటర్లు పోశారనుకోండి. రోజుకు 900 మిల్లీగ్రాములు, నెలకు 27 గ్రాములు, ఏడాదికి సుమారు 330 గ్రాముల లవణాలు. అందులో నైట్రేటు, సిలికేటు ఉంటే అద్దాలకు పట్టే గోధుమరంగు పొర, రాళ్ళ మీద జుట్టులాంటి నాచు వాటి వల్లే. హైదరాబాదులో చాలా బోర్ల నీరు అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తుంది.

*వంటింటి ఆర్వో:* తాగడానికి రుచిగా ఉండాలని అందులో కొంత మామూలు నీటిని కలుపుతారు, లేదా ఖనిజాల కార్ట్రిడ్జి పెడతారు. 50, 80 టీడీఎస్ రావడం మామూలే. మెంబ్రేన్ నుంచి నేరుగా పైపు తీసుకుని, దాని తర్వాత డీఐ రెజిన్ పెడితే పనికొస్తుంది. మీటర్ సున్నా చూపాలి. 2 దాటితే రెజిన్ మార్చే సమయం వచ్చింది.

*20 లీటర్ల నీళ్ళ క్యాన్లు:* తాగే నీళ్ళు. టీడీఎస్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. రెజిన్ దాటించకుండా పోయకండి.

*ఏసీ నుంచి కారే నీళ్ళు:* మీటర్ పెడితే చాలా తక్కువ చూపిస్తుంది కాబట్టి చాలామందికి ఆశ పుడుతుంది. ఆ నీరు రాగి గొట్టాలు, అల్యూమినియం రేకుల మీదుగా, దుమ్ము మీదుగా వస్తుంది. రాగి కొంచెమైనా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషమే. దయచేసి వద్దు. ఇత్తడి కుళాయి గుండా ఆర్వో నీటిని పట్టడమూ మానండి.

ఆర్వో వదిలేసే నీటిని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూము కడగడానికి వాడుకోండి. వేసవిలో రోజుకు 4 లీటర్లు కావాలంటే వదిలే నీరు కూడా చిన్న మొత్తం కాదు.

5. చేత్తో పోసేవాళ్ళకు

ఆటో టాప్ అప్ (మట్టం తగ్గగానే దానంతటదే నీరు నింపే పరికరం) లేకపోయినా ట్యాంక్ చక్కగా నడుస్తుంది. నేను రెండేళ్ళు చేత్తోనే పోశాను. కావలసింది వేళ తప్పకపోవడం.

1. రోజు నీటిని రెండు భాగాలు చేయండి: పొద్దున సగం, రాత్రి సగం. 4 లీటర్లయితే 2, 2.
2. పంపులన్నీ నడుస్తున్నాయో లేదో ముందు చూడండి. పంపు ఆగి ఉంటే పై నీరు సంపులోకి దిగి మట్టం తప్పుగా కనిపిస్తుంది.
3. క్యాన్ నీటిని మీటరుతో ఒకసారి చూడండి.
4. రిటర్న్ గదిలోనే పోయండి, సన్న ధారగా. సంపు లేని ట్యాంకైతే నీటి ఉరవడి బాగా ఉన్న చోట, పగడాలకు దూరంగా.
5. గీత దగ్గర ఆపండి. "రేపటిది కూడా కలిపి" అని గీత దాటించకండి.
6. ఎన్ని లీటర్లో రాయండి.

పుస్తకంలో అంకె అకస్మాత్తుగా మారితే ఆగి కారణం వెతకండి. నిన్న 3, ఇవాళ 1 అయితే ఫ్యాన్ ఆగిపోయి ఉండొచ్చు. అంకె ఒక్కసారిగా పెరిగితే పైనుంచి నీళ్ళు దిగే పైపులో ఏదో అడ్డుపడి ఉండొచ్చు.

6. ఆటో టాప్ అప్: బిగించే వరుస

ఇంటి మీది ట్యాంకులో బాల్ వాల్వు చేసే పనినే ఇది చేస్తుంది. మట్టం తగ్గితే సెన్సర్ చూస్తుంది, చిన్న పంపు క్యాన్లోంచి నీరు పంపుతుంది, మట్టం నిండగానే ఆపుతుంది. రోజంతా కొద్దికొద్దిగా పోస్తుంది కాబట్టి లవణీయత దాదాపు కదలదు. అయితే చెడిపోయిందంటే రెండు నిమిషాల్లో ట్యాంకును ముంచగలదు. అందుకే బిగించేటప్పుడే చెడిపోతుందనుకుని బిగించాలి.

క్యాన్ ఎంత పెద్దది? క్యాన్ మొత్తం ఒక్కసారిగా ట్యాంకులో పడితే ఏమవుతుందో లెక్క వేయండి. 200 లీటర్లలో 10 లీటర్లు పడితే 35 కాస్తా 33.3 అవుతుంది. బాధే, కానీ కోలుకుంటుంది. 20 లీటర్లు పడితే 31.8. నేను 10 దగ్గరే ఆగాను. రెండున్నర రోజులకోసారి నింపుకోవడం పెద్ద పని కాదు. ఇంకో చూపు కూడా కావాలి: కరెంటు పోయి పై నీరు సంపులోకి దిగినప్పుడు, దాని మీద ఈ 10 లీటర్లు కూడా పడితే సంపు పొర్లకుండా పట్టాలి.

ఆర్వో పైపును నేరుగా సంపుకు కలపకండి. క్యాన్ ఖాళీ అయితే ప్రమాదం అక్కడితో ఆగుతుంది, కుళాయికి ఖాళీ అవడం ఉండదు.

పంపు ఎంత వేగం? రోజుకు 3 లీటర్లంటే గంటకు 125 మిల్లీలీటర్లే. గంటకు 300 లీటర్ల సబ్‌మెర్సిబుల్ పంపు ఇరుక్కుపోతే 10 లీటర్ల క్యాన్ రెండు నిమిషాల్లో ఖాళీ. నిమిషానికి 50 మిల్లీలీటర్ల డోసింగ్ పంపుకైతే అదే పనికి మూడు గంటలకు పైగా పడుతుంది, ఈలోగా ఎవరో ఒకరు చూస్తారు. నెమ్మదైన పంపే కొనండి.

బిగించడం:

1. సెన్సర్‌ను రిటర్న్ గదిలో, బుడగలు లేని మూల, గీత దగ్గర బిగించండి. ఆప్టికల్ సెన్సర్లు బుడగలను నీరనుకుంటాయి, ఎండ పడినా తడబడతాయి.
2. దానికి రెండు సెంటీమీటర్ల ఎత్తులో రెండో సెన్సర్ లేదా ఫ్లోట్ స్విచ్ పెట్టండి. మొదటిది మాట వినకపోతే పంపుకు కరెంటు ఆపేది ఇదే. ఇది లేని సెట్టు కొనకండి.
3. ఫ్లోట్ చుట్టూ చిల్లుల గొట్టం తొడగండి. నత్త ఎక్కి కూర్చుంటే ఫ్లోట్ కదలదు.
4. నీరు పడే పైపు చివర సంపు నీటిని తాకకూడదు, తాకితే ఉప్పునీరు క్యాన్లోకి వెనక్కి పీల్చుకుంటుంది. అంతేకాదు, ఆ చివర క్యాన్లోని నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే పంపు ఆగినా నీరు దిగుతూనే ఉంటుంది, పెట్రోలు పైపు నోటితో పీల్చి వదిలినట్టు. ఎత్తు కుదరకపోతే పైపు వంపు పైభాగాన చిన్న చిల్లు పెట్టండి, అక్కడ గాలి దూరి ధార తెగుతుంది. ఆ చిల్లులోంచి పంపు నడిచేటప్పుడు చిమ్మే నీరు క్యాన్లోనే పడేలా చూసుకోండి.
5. ఎంతసేపు నడవాలో గరిష్ఠ సమయం పెట్టే వీలుంటే పెట్టండి.
6. సంపు దగ్గరి వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు దిగి మళ్ళీ పైకి వెళ్ళాలి. చుక్క జారినా వంపు దగ్గర పడిపోతుంది, ప్లగ్గులోకి వెళ్ళదు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి.

పరీక్ష: ఒక మగ్గు నీరు సంపులోంచి తీయండి, పంపు మొదలవాలి. తీసిన నీటిని తిరిగి పోయండి, ఆగాలి. తర్వాత కింది సెన్సర్‌ను నీటిపైకి ఎత్తి పట్టుకుని, పై ఫ్లోట్‌ను వేలితో లేపండి. పంపు ఆగకపోతే ఆ రాత్రికి దాన్ని నడపకండి. ఈ మూడూ నెలకోసారి చేయండి, సెన్సర్‌ను వెనిగర్‌తో తుడవండి.

7. వేసవి: ఫ్యాన్, మట్టికుండ, ఉక్కపోత

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ట్యాంకు మీద ఫ్యాన్ కూడా అందుకే పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరవుతూ పట్టుకుపోయే వేడి, ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులకు సమానం. రోజుకు 4 లీటర్లంటే 24 గంటలూ సుమారు 110 వాట్ల వేడిని తోడేసినట్టు. కాబట్టి వేసవిలో ఆవిరిని శత్రువుగా చూడకండి. మట్టం నిలబెట్టగలిగితే అది ఉచితంగా వచ్చే చల్లదనం.

అయితే కుండ అన్ని ఊళ్ళలో ఒకేలా చల్లబడదు. ఏప్రిల్లో హైదరాబాదు గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం, ఆవిరి ద్వారా నీరు దిగగలిగే హద్దు సుమారు 22 డిగ్రీలు. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే ఆ హద్దు 30 దగ్గరే ఆగుతుంది. విశాఖ, కాకినాడ పాఠకులు ఫ్యాన్ల మీద ఫ్యాన్లు కొని విసిగిపోవడానికి కారణం ఇదే. తీరంలో ఉన్నవాళ్ళు ఆ డబ్బు గది ఏసీకో, చిల్లర్‌కో (ట్యాంకు నీటిని చల్లబరిచే యంత్రం) పెట్టండి. చిల్లర్ వదిలే వేడి అదే గదిలో పడుతుంది, దానికి గాలి బయటికి పోయే దారి ఉండాలి.

- ఫ్యాన్ గాలి నీటి మీద ఏటవాలుగా రావాలి, లైట్ల మీదికి తుంపర కొట్టకూడదు.
- టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి 26.5 డిగ్రీలకు మొదలై, 26కు ఆగేలా పెట్టండి. లేకపోతే రాత్రిళ్ళు ఫ్యాన్ చల్లబరుస్తుంటే హీటర్ వేడి చేస్తుంటుంది.
- గాజు మూత వేస్తే ఆవిరి తగ్గుతుంది, కానీ వేడి లోపలే ఉంటుంది, గాలి మార్పిడి తగ్గుతుంది. వేసవిలో తీసేసి వల మూత వేయండి. చేపలు దూకే బెడద ఉండనే ఉంది.
- ఫ్యాన్ పెట్టిన రోజు నుంచి మళ్ళీ వారం కొలత. పాత అంకె ఇక చెల్లదు.

8. సున్నపు నీళ్ళు కలపాలనుకుంటే

రాతి పగడాలు పెంచేవాళ్ళు టాప్ అప్ నీటిలోనే కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం, కలిపి కాల్షియాన్ని అందిస్తారు. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పట్టడం, అమ్మడం నిషేధించిన జీవుల జాబితాలో ఉన్నాయి. ఇక్కడ మెత్తటి పగడాలతో నడిపే ట్యాంకులకు ఇది సాధారణంగా అవసరం పడదు. విదేశాల్లో ఉన్న పాఠకుల కోసం క్లుప్తంగా చెప్తున్నా.

లీటరుకు ఒకటిన్నర గ్రాములు కలిపి, మడ్డి కిందికి దిగాక పైన తేరిన నీటినే వాడాలి. దాని పీహెచ్ 12 దాటుతుంది, చేతికి గ్లోవ్స్ వేసుకోండి. చుక్కలుగా, రాత్రిపూట. ట్యాంకు పీహెచ్ 8.5 దాటుతుంటే ఆపండి. కిళ్ళీ సున్నం, గోడ సున్నం వద్దు, వాటిలో ఇంకేమున్నాయో మనకు తెలియదు. సున్నం కలిపిన క్యాన్ ఒక్కసారిగా ట్యాంకులో పడితే ఉప్పు తగ్గడం కంటే పీహెచ్ పెరగడమే ముందు చంపుతుంది. కాబట్టి ఆరో భాగంలోని రెండో సెన్సర్ లేకుండా దీని జోలికి వెళ్ళకండి.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

ఉప్పునీరు పోయడం. ఇది మా ఇంట్లోనే జరిగింది. ఒక మే నెలలో పెళ్ళికి ఊరెళ్తూ, రోజుకు మూడు లీటర్లు పోయమని మా బావమరిదికి చెప్పాను. ఏ నీళ్ళో చెప్పలేదు. ఐదు రోజుల తర్వాత తలుపు తీసేసరికి మట్టం గీత మీదే ఉంది, అద్దాలు శుభ్రంగా ఉన్నాయి. లెదర్ పగడం (మెత్తటి పగడాల్లో ఒక రకం) మాత్రం పిడికిలి బిగించినట్టు ముడుచుకుని, పైన మైనం పూసినట్టు మెరుస్తోంది. రిఫ్రాక్టోమీటర్లో 37.5. "సముద్రం ట్యాంకు కదా బావా, అందుకే ఉప్పు కలిపి పోశాను" అన్నాడు, ఎంతో జాగ్రత్తగా లీటరుకు ఇన్ని గ్రాములని తూచి మరీ. తప్పు నాదే, చెప్పాల్సిన మాట చెప్పలేదు.

ఇలాంటప్పుడు ఒక్కసారిగా మంచినీళ్ళు కుమ్మరించకండి. 37.5 నుంచి 35కు రావాలంటే 200 లీటర్లలో సుమారు 13 లీటర్ల ట్యాంకు నీరు తీసి, అంతే ఆర్వో నీరు పోయాలి. నేను ఐదు రోజులు తీసుకున్నాను, రోజుకు సుమారు 2.7 లీటర్ల చొప్పున, అదీ పొద్దున కొంత, రాత్రి కొంత. ఆవిరికి పోసే నీరు దీనికి అదనం. లెదర్ పగడం పైపొర వదిలి మళ్ళీ విచ్చుకోవడానికి పది రోజులు పట్టింది.

చాలా రోజులు పోయకపోవడం. లవణీయత పెరిగింది, మట్టం తగ్గింది. ఇక్కడ నీరు తీయక్కర్లేదు, తగ్గినంతా రెండు మూడు రోజుల్లో మెల్లగా నింపండి. పంపు గాలి పీలుస్తుంటే, ముందు అది మునిగేంత వరకు పోయండి.

నీళ్ళు మార్చేటప్పుడు ఆటో టాప్ అప్ ఆపకపోవడం. మీరు ఉప్పునీరు తీస్తుంటే అది మంచినీరు నింపుతుంటుంది. సైఫన్ పైపు పట్టుకునే ముందు దాని ప్లగ్గు తీయండి. పని అయ్యాక మళ్ళీ పెట్టడం మరిచిపోకుండా, ప్లగ్గును నోటు పుస్తకం మీదే ఉంచండి.

ఓవర్‌ఫ్లో, అంటే పై నీరు సంపులోకి దిగే దారి, మూసుకుపోవడం. నీరు పైనే నిలిచి సంపు మట్టం పడిపోతుంది, సెన్సర్ దాన్ని ఆవిరనుకుని నింపుతూ పోతుంది. నత్తలు, నాచు ముద్దలు అడ్డుపడకుండా దువ్వెన జాలి వారానికోసారి శుభ్రం చేయండి.

లవణీయత నెలనెలా మెల్లగా తగ్గడం. స్కిమ్మర్ కప్పు పారబోసిన ప్రతిసారీ, అంచులకు పేరుకున్న ఉప్పు తుడిచిన ప్రతిసారీ కొంత ఉప్పు పోతుంది, దాని చోట మంచినీరు చేరుతుంది. తర్వాత నీళ్ళు మార్చేటప్పుడు కొత్త నీటిని 36 దగ్గర కలిపి సరిచేయండి. పేరుకున్న ఉప్పు పెళ్ళలు పగడాల మీద రాలనీయకండి, తడిగుడ్డతో తుడవండి. ప్లగ్గు దగ్గర తెల్లటి పొర కనిపిస్తే మెయిన్ ఆపాకే ముట్టుకోండి.

10. ఊరెళ్ళేటప్పుడు

- వారం ముందే నీళ్ళు మార్చడం, స్కిమ్మర్ కడగడం పూర్తి చేయండి. బయల్దేరే రోజు కొత్త పని ఏదీ వద్దు.
- ఆటో టాప్ అప్ మూడు పరీక్షలూ రెండు రోజుల ముందు చేయండి.
- చేత్తో పోసేవాళ్ళుంటే లీటరు సీసాల్లో ఆర్వో నీరు నింపి, ఒక్కోదాని మీద రోజు, వేళ రాసి వరసగా పెట్టండి: సోమ పొద్దున, సోమ రాత్రి. ఆ రోజు సీసా ఆ రోజే పోయాలి, మిగిలిపోతే కలిపి పోయకూడదని చెప్పండి.
- పోయవలసిన చోటు టేపుతో గుర్తు పెట్టి, ఒకసారి వాళ్ళ చేతే పోయించి చూడండి.
- ఉప్పు డబ్బా, చేపల మేత డబ్బా అటక ఎక్కించండి.
- రోజూ రాత్రి రిటర్న్ గది గీత ఫోటో పంపమనండి. గీత కంటే రెండు సెంటీమీటర్లు తేడా ఉంటే మీకు ఫోన్ చేయమనండి.
- తిరిగొచ్చాక మట్టం చూసి చెయ్యి ఊరుకోదు. సంచీ దించిన వెంటనే నీళ్ళు పోయకండి. ముందు లవణీయత చదివి పుస్తకంలో రాయండి, మిగిలిన సీసాలు లెక్కపెట్టండి, ఆ తర్వాతే క్యాన్ మూత తీయండి.